లోటే ఐస్నర్: గ్రీకు కుండల నుంచి సినిమా రీళ్ల దాకా ఒక పరిశోధకురాలి ప్రయాణం

రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజులు. నైరుతి ఫ్రాన్స్‌లో ఫిజాక్ అనే చిన్న పట్టణానికి సమీపంలో ఉన్న బెదుయే కోటలో, చలికి వేళ్లు కొంకర్లు పోతుండగా, నలభై అయిదేళ్లు పైబడిన ఒక మహిళ తుప్పు పట్టిన రేకు డబ్బాలను ఒక్కొక్కటిగా తెరిచి చూస్తున్నారు. డబ్బాల్లో ఉన్నవి సినిమా రీళ్లు. ఏ రీలు ఏ చిత్రానిది, ఎంత భాగం బాగుంది, ఎంత చెడిపోయింది అన్నది చూసి జాబితా రాయడం ఆమె పని.

ఆమె చేతిలోని గుర్తింపు పత్రాల ప్రకారం ఆమె పేరు లూయిజ్ ఎస్కోఫియే. అల్సాస్ ప్రాంతానికి చెందిన ఫ్రెంచ్ పౌరురాలు. ఆ పత్రాలు నకిలీవి. అసలు పేరు లోటే ఐస్నర్. బెర్లిన్‌లో పుట్టిన యూదు మహిళ, కళా చరిత్రలో డాక్టరేట్ పొందిన విదుషీమణి, హిట్లర్ అధికారంలోకి రాగానే దేశం విడిచి వచ్చిన పాత్రికేయురాలు. పట్టుబడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అయినా ఆ డబ్బాలను వదిలి వెళ్లలేదు.

సినిమాపై పిహెచ్‌డి చేయడం నేడు భారతదేశంలోనూ కొత్త విషయం కాదు. కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం 1993లోనే ఫిల్మ్ స్టడీస్ శాఖను ప్రారంభించింది. ఢిల్లీలోని జేఎన్‌యూలో, హైదరాబాద్‌లోని ఇఫ్లూలో కూడా సినిమాను పరిశోధనాంశంగా తీసుకున్నవారు ఉన్నారు. అటువంటి పరిశోధక విద్యార్థికి మొదటి ఏడాదిలోనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: తాను రాయదలచిన సినిమా ఎక్కడైనా మిగిలి ఉందా? ఐస్నర్ జీవితమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

కుండల మీది బొమ్మలే తొలి పాఠం

లోటే ఐస్నర్ 1896 మార్చి 5న బెర్లిన్‌లో జన్మించారు. తండ్రి వస్త్ర వ్యాపారి. కలిగిన కుటుంబం కావడంతో పుస్తకాలకు, నాటకాలకు, సంగ్రహాలయాలకు కొదవ లేకుండా పెరిగారు. దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ ప్రదర్శించిన నాటకాలను చిన్న వయసులోనే చూశారు. చీకటి నిండిన రంగస్థలం మీద ఒక్క దీపపు కాంతి ఒక ముఖాన్ని వెలికి తీయడం, వందలాది నటులు ఒకే శరీరంలా కదలడం ఆమె మనసులో నిలిచిపోయాయి. దశాబ్దాల తర్వాత ఆ జ్ఞాపకమే ఆమె ప్రధాన సిద్ధాంతానికి ఆధారమయింది.

ఆమె పలు జర్మన్ విశ్వవిద్యాలయాల్లో కళా చరిత్ర, పురావస్తు శాస్త్రం చదివి, 1924లో రోస్టాక్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. సిద్ధాంత గ్రంథం విషయం ప్రాచీన గ్రీకు కుండలపై చిత్రాల కూర్పు, దాని వికాసం. సినిమాకు ఇది ఎంతో దూరమనిపిస్తుంది. నిజానికి ఆ దూరం పెద్దదేమీ కాదు. గ్రీకు కుండలను అధ్యయనం చేసేవారికి దొరికేవి తరచుగా పెంకులే. ఒక గీత వంపును బట్టి, బొమ్మలను అమర్చిన తీరును బట్టి అది ఏ కాలానిదో, ఏ చేయి గీసిందో తేల్చాలి. లేని భాగాన్ని ఊహించవచ్చు కానీ, ఊహను ఆధారంగా చెలామణి చేయరాదు. తెగిన రీళ్లతో, మాయమైన దృశ్యాలతో పని చేయవలసిన సినిమా చరిత్రకారిణికి ఇంతకు మించిన శిక్షణ లేదు.

ఆ రోజుల్లో సినిమాపై డాక్టరేట్ అన్న ఆలోచనకే విద్యాలోకంలో చోటు అంతంతమాత్రం. మినహాయింపులు లేకపోలేదు. ఎమీలీ ఆల్టెన్‌లో అనే యువతి మాన్‌హైమ్ నగరంలో సినిమా ప్రేక్షకులు ఎవరు, ఎందుకు వస్తున్నారు అన్న అంశంపై హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన 1914లో గ్రంథంగా వెలువడింది. అయితే అది సమాజ శాస్త్ర పరిశోధన. తెర మీది దృశ్యాన్ని ఒక చిత్రపటంలా, శిల్పంలా పరిశీలించవచ్చునని ఆచార్యులు అంగీకరించడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

పత్రికా కార్యాలయంలో

1927లో ఐస్నర్ బెర్లిన్ నుంచి వెలువడే సినిమా దినపత్రిక 'ఫిల్మ్ కురియర్'లో చేరారు. జర్మనీలో సినిమా విమర్శను వృత్తిగా స్వీకరించిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. స్టూడియోలకు వెళ్లి చిత్రీకరణను దగ్గర నుంచి చూసి రాయడం ఆమె పనిలో పెద్ద భాగం. కళా దర్శకులు సెట్ వేసే తీరు, ఛాయాగ్రాహకులు దీపాలు అమర్చే తీరు ఆమె కళ్లారా చూశారు. తర్వాతి కాలపు పండితులు పుస్తకాల ద్వారా మాత్రమే తెలుసుకోగలిగిన విషయాలు ఆమెకు అనుభవంలోనివి.

దర్శకుడు పాబ్స్ట్ సెట్‌లో జరిగిన ఒక చిన్న సంగతి ఆమె తత్వాన్ని తెలియజేస్తుంది. అమెరికా నుంచి వచ్చిన అందాల నటి లూయీస్ బ్రూక్స్ ఒక మూల కూర్చుని పుస్తకం చదువుకుంటున్నారు. అది తత్వవేత్త షోపెన్‌హవర్ రచన. ఇదంతా ప్రచారం కోసం పాబ్స్ట్ పెట్టించిన ఏర్పాటని ఐస్నర్ అనుకున్నారు. ఆ అనుమానం ఆమె తొలి గ్రంథంలోనూ నీడలా కనిపిస్తుంది. బ్రూక్స్ నిజంగా గొప్ప నటియా, లేక కెమెరా సృష్టించిన భ్రమా అన్న సందేహాన్ని ఆమె అందులో వ్యక్తం చేశారు. కొన్నేళ్లకు ఆ చిత్రాలను మళ్లీ చూసి, తర్వాతి ముద్రణలో ఆ సందేహాన్ని ఉపసంహరించుకుని, బ్రూక్స్ ప్రతిభను నిండుగా అంగీకరించారు. చాలామంది విమర్శకులు ఇటువంటి సందర్భంలో పాత వాక్యాన్ని నిశ్శబ్దంగా తొలగించి ఊరుకుంటారు.

1933 నాటికి బెర్లిన్ ఆమెకు నిలువనీడ లేని నగరమయింది. నాజీ పత్రికలు అంతకు ముందే ఆమె మీద బెదిరింపు రాతలు రాశాయి. హిట్లర్ ఛాన్సలర్ అయిన రెండు నెలలకే, మార్చి నెలాఖరులో, ఆమె సోదరి ఉంటున్న పారిస్‌కు వెళ్లిపోయారు. తల్లి జర్మనీలోనే ఉండిపోయారు. ఆ తర్వాత ఆమెను థెరేజియెన్‌స్టాట్ శిబిరానికి తరలించారు. తల్లి అక్కడే మరణించారు.

డబ్బాలు దాచిన కుర్రవాడు

పారిస్‌లో ఐస్నర్ అనువాదాలు, చిన్నచిన్న వ్యాసాలతో పొట్ట పోసుకున్నారు. 1930ల మధ్యలో ఆమెకు ఇద్దరు యువకులు పరిచయమయ్యారు. ఒకరు అన్రీ లాంగ్లువా, మరొకరు జార్జ్ ఫ్రాంజు. పాత మూకీ చిత్రాలను సేకరించాలన్నది వారి పట్టుదల. 1936లో వారు స్థాపించిన సినిమాథెక్ ఫ్రాంసేజ్ ఈనాడు ప్రపంచ ప్రసిద్ధ సంస్థ. అప్పుడు మాత్రం కొన్ని డబ్బాలు, అంతులేని ఉత్సాహం తప్ప దాని వద్ద మరేమీ లేదు.

ఆ పట్టుదల వెనుక ఒక కఠిన వాస్తవం ఉంది. 1950ల ఆరంభం వరకు సినిమాలను ముద్రించిన నైట్రేట్ ఫిల్మ్ సులువుగా అంటుకునే పదార్థం. నిల్వలో అది జిగురుగా మారి, చివరకు పొడి అయిపోతుంది. టాకీలు రాగానే మూకీలకు గిరాకీ పోయింది. నిర్మాణ సంస్థలు వాటిని భారంగా భావించి పారవేశాయి. ఫిల్మ్‌లోని వెండిని రాబట్టుకోవడానికి కరిగించినవీ ఉన్నాయి. కళాఖండాన్ని కరిగించి వెండి అమ్ముకున్న కాలమది.

1940 మే నెలలో జర్మన్ సైన్యం దూసుకువస్తుండగా, ఫ్రెంచ్ ప్రభుత్వం జర్మనీ నుంచి వచ్చిన మహిళలను శత్రుదేశస్థులుగా పరిగణించి నిర్బంధించింది. హిట్లర్ బారి నుంచి పారిపోయి వచ్చినవారికీ మినహాయింపు లభించలేదు. పారిస్‌లోని వెలొడ్రోమ్ డీవర్ క్రీడా మైదానంలో చేర్చి, అక్కడి నుంచి పిరెనీ పర్వతాల సమీపంలోని గుర్స్ శిబిరానికి తరలించారు. తత్వవేత్త హన్నా ఆరెంట్‌ను కూడా అదే శిబిరంలో ఉంచారు. ఫ్రాన్స్ ఓడిపోయిన తర్వాతి గందరగోళంలో కొందరు బయటపడగలిగారు. ఐస్నర్ వారిలో ఒకరు. దక్షిణాదిలోని మాంపెల్యే చేరి, ఆ తర్వాత నకిలీ పత్రాలతో లూయిజ్ ఎస్కోఫియేగా మారారు. లాంగ్లువా అప్పగించిన పని మీద బెదుయే కోటకు చేరింది ఆ తర్వాతే. జర్మన్ అధికారుల కంట పడకుండా ఆయన తరలించిన చిత్రాలు అక్కడ ఉన్నాయి. యుద్ధం ముగిసే వరకు ఆమె ఆ ప్రాంతంలోనే మారుపేరుతో జీవించారు.

దయ్యం పట్టిన తెర

యుద్ధానంతరం పారిస్ తిరిగి వచ్చి, ఐస్నర్ సినిమాథెక్‌లో ప్రధాన సంరక్షకురాలిగా చేరారు. 1975 వరకు, మూడు దశాబ్దాల పాటు, అదే ఆమె నెలవు. చిత్రాలతో పాటు దుస్తులు, సెట్ల రేఖాచిత్రాలు, స్క్రిప్టులు, పాత కెమెరాలు, ఉత్తరాలు అన్నీ సేకరించారు. జీవించి ఉన్న కళాకారుల ఇళ్లకు వెళ్లి, అటకల మీది కాగితాలను అడిగి తెచ్చుకున్నారు. 'కాలిగరి' చిత్రానికి సెట్లు రూపొందించిన హెర్మన్ వార్మ్ నాటి రేఖాచిత్రాలను సినిమాథెక్ కోసం మళ్లీ గీసి ఇచ్చారు.

ఆ సేకరణ నుంచే ఆమె తొలి గ్రంథం రూపుదిద్దుకుంది. 1952లో ఫ్రెంచ్ భాషలో వెలువడిన ఆ పుస్తకం పేరుకు 'దయ్యం పట్టిన తెర' అని అర్థం చెప్పుకోవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో వచ్చిన చిత్రాలన్నిటికీ ఎక్స్‌ప్రెషనిజం అన్న ఒకే ముద్ర వేసే అలవాటును ఆమె అందులో ప్రశ్నించారు. 1920 నాటి 'ది క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి' వంటి కొన్ని చిత్రాలు మాత్రమే నిజంగా ఆ కోవకు చెందుతాయన్నది ఆమె వాదన. మిగిలిన చిత్రాల్లో కనిపించే వెలుగు నీడల ఆట రైన్‌హార్ట్ రంగస్థలం నుంచి వచ్చిందని, దాని వేళ్లు జర్మన్ కాల్పనిక సాహిత్యంలో ఉన్నాయని దృశ్యాలను ఒక్కొక్కటిగా విప్పి చూపారు. మెట్లు, నడవాలు, అద్దాలు, గోడ మీద సాగే నీడలు ఎందుకు అన్నిసార్లు తెర మీదికి వస్తాయో వివరించారు.

అంతకు అయిదేళ్ల ముందే, 1947లో, అమెరికాలో ప్రవాస జీవితం గడుపుతున్న జీగ్‌ఫ్రీడ్ క్రాకవర్ 'కాలిగరి నుంచి హిట్లర్ దాకా' అనే గ్రంథం ప్రచురించారు. ఆయనా జర్మనీ నుంచి వచ్చిన యూదే, ఆయనా డాక్టరేట్ పొందినవారే. ఆ డాక్టరేట్ ఇంజినీరింగ్ రంగానిది. నియంతకు లొంగిపోయే మనస్తత్వం నాటి చిత్రాల్లో ముందుగానే కనిపించిందని క్రాకవర్ అన్నారు. ఆయన సినిమాలో సమాజాన్ని వెతికితే, ఐస్నర్ సినిమాలో కళను వెతికారు. ఈ రెండు పుస్తకాల మధ్య ఉన్న తేడా సినిమా అధ్యయన శాఖల్లో ఇప్పటికీ చర్చనీయాంశమే. ఏ పరిశోధక విద్యార్థి అయినా మొదటి అధ్యాయం రాసే ముందు ఈ రెండు దారుల్లో తనది ఏదో తేల్చుకోక తప్పదు.

ఐస్నర్ గ్రంథంలో లోపాలు లేవని కాదు. జర్మన్ ఆత్మ అన్న పదబంధాన్ని ఆమె కొంత ఉదారంగానే వాడారు. ఒక జాతికంతటికీ ఒకే ఆత్మ ఉంటుందా అన్న ప్రశ్నకు ఆ పుస్తకంలో సమాధానం లేదు. థామస్ ఎల్సేసర్ వంటి తర్వాతి పండితులు ఆమె నిర్ణయాలనూ, క్రాకవర్ నిర్ణయాలనూ కలిపి పునఃపరిశీలించారు. అయితే వారు పరిశీలించడానికి చిత్రాలంటూ మిగలడంలో ఆమె పాలు తక్కువది కాదు.

లేని సినిమా గురించి రాయడం

1964లో వెలువడిన 'ముర్నౌ' ఆమె గ్రంథాల్లో అత్యంత కష్టసాధ్యమైనదని చెప్పాలి. దర్శకుడు ఎఫ్. డబ్ల్యూ. ముర్నౌ 1931లో కాలిఫోర్నియాలో కారు ప్రమాదంలో మరణించారు. ఆయన చిత్రాల్లో పలు ప్రింట్లు అప్పటికే మాయమయ్యాయి. మిగిలిన వాటిలో 'నోస్ఫెరాటు' కథ విచిత్రమైనది. 'డ్రాకులా' నవలను అనుమతి లేకుండా వాడుకున్నారని రచయిత బ్రామ్ స్టోకర్ భార్య న్యాయస్థానానికి వెళ్లగా, ప్రింట్లన్నిటినీ ధ్వంసం చేయాలని 1925లో తీర్పు వచ్చింది. అప్పటికే విదేశాలకు చేరిన ప్రతుల వల్ల ఆ చిత్రం బతికింది.

ఐస్నర్ ముర్నౌ బంధువులను, సహచరులను వెతికి పట్టుకున్నారు. దర్శకుడు స్వహస్తంతో గుర్తులు పెట్టుకున్న 'నోస్ఫెరాటు' స్క్రిప్టు ప్రతి ఆమెకు లభించింది. స్క్రిప్టులో ఏముంది, తెర మీదికి ఏది వచ్చింది, దర్శకుడు ఏది మార్చారు అన్నది పక్కపక్కన పెట్టి పరిశీలించారు. కళా దర్శకుడు రాబర్ట్ హెర్ల్ట్ జ్ఞాపకాలను గ్రంథంలో చేర్చారు. 'ఫోర్ డెవిల్స్' వంటి అదృశ్యమైన చిత్రాల విషయంలో కాగితాల సాక్ష్యం మీదే ఆధారపడ్డారు. పెంకుల నుంచి కుండను ఊహించే విద్య ఇక్కడ అక్కరకు వచ్చింది.

అదే 1964లో భారత ప్రభుత్వం పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌ను నెలకొల్పింది. అక్కడ పి. కె. నాయర్ చేసిన కృషిని సినీ ప్రియులు తరచు లాంగ్లువా కృషితో పోలుస్తారు. దాదాసాహెబ్ ఫాల్కే తీసిన 'రాజా హరిశ్చంద్ర' రీళ్లలో కొన్ని మాత్రమే మిగిలాయి. తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' ప్రింటు లభ్యం కాలేదు. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాష్ మద్రాసులో 1921లో నిర్మించిన 'భీష్మ ప్రతిజ్ఞ' కూడా నేడు చూడడానికి లేదు. తెలుగు సినిమా తొలి దశపై పరిశోధన చేసేవారు పాటల పుస్తకాలు, పత్రికల్లోని ప్రకటనలు, సెన్సారు రికార్డులతోనే పని నడుపుకోవలసి వస్తుంది. వారు చేస్తున్నది ముర్నౌ విషయంలో ఐస్నర్ చేసిన పనే.

వీధిలోకి వచ్చిన ఆర్కైవ్

సినిమాథెక్‌లోని చిన్న ప్రదర్శనశాలలో ముందు వరుసల్లో కూర్చుని పాత చిత్రాలు చూసిన కుర్రవాళ్లలో త్రుఫో, గొదార్, రివెత్ ఉన్నారు. ఫ్రెంచ్ నవతరంగ సినిమా తయారైంది ఆ కుర్చీల్లోనే. 1968 ఫిబ్రవరిలో సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో హయాంలో ప్రభుత్వం లాంగ్లువాను పదవి నుంచి తొలగించినప్పుడు వారంతా వీధిలోకి వచ్చారు. తమ చిత్రాలను ఇకపై అక్కడ ప్రదర్శించరాదని ప్రపంచం నలుమూలల నుంచి దర్శకులు సందేశాలు పంపారు. ఐస్నర్ లాంగ్లువా పక్షాన నిలిచారు. లాంగ్లువా లెక్కలు సరిగా రాయరని, డబ్బాలు ఎక్కడ పెట్టారో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదని వచ్చిన ఆరోపణల్లో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆయన లేకపోతే లెక్క చూడడానికి డబ్బాలే ఉండేవి కావు. ఏప్రిల్‌లో ప్రభుత్వం దిగి వచ్చి ఆయనను తిరిగి నియమించింది. నాలుగేళ్లకు, 1972లో, షాయో భవనంలో సినిమా మ్యూజియం తెరుచుకుంది. అందులోని వస్తువుల్లో ఎన్నో ఐస్నర్ సేకరించినవే.

తిరిగి కలిసిన తీగ

ఆమె 1955లోనే ఫ్రెంచ్ పౌరసత్వం స్వీకరించారు. జర్మనీ పట్ల ఆమెకు చేదు జ్ఞాపకాలు మిగలడం సహజం. అయితే 1960ల చివరలో అక్కడ సినిమాలు తీయడం మొదలుపెట్టిన యువతరాన్ని ఆమె ఆప్యాయంగా అక్కున చేర్చుకున్నారు. తండ్రుల తరం నాజీలతో మలినమైపోగా, తాతల తరం ప్రవాసంలో చెల్లాచెదురైపోగా, ఆ యువకులకు తమదని చెప్పుకోదగిన సినీ సంప్రదాయం లేకుండా పోయింది. లాంగ్‌ను స్వయంగా ఎరిగిన ఐస్నర్ వారి చిత్రాలను మెచ్చుకోవడం వారికి వారసత్వ పత్రం లభించినట్లయింది. వెర్నర్ హెర్జోగ్ తీసిన 'ఫాటా మోర్గానా'లో వ్యాఖ్యానం వినిపించిన గొంతుల్లో ఆమెది ఒకటి.

1974 నవంబరులో ఐస్నర్ తీవ్రంగా జబ్బుపడ్డారని, బతకడం కష్టమని హెర్జోగ్‌కు కబురు అందింది. తాను మ్యూనిక్ నుంచి పారిస్‌కు కాలినడకన వెళితే ఆమె మరణించరని ఆయన గట్టిగా నమ్మారు. నవంబరు 23న బయలుదేరి, మంచులో, వానలో మూడు వారాలు నడిచి డిసెంబరు 14న పారిస్ చేరారు. ఐస్నర్ కోలుకున్నారు. ఆ నడకలో రాసుకున్న దినచర్య తర్వాత పుస్తకంగా వచ్చింది. ఇది మొక్కుబడా, మూఢనమ్మకమా అన్నది ఎవరికి తోచినట్లు వారు అనుకోవచ్చు. భారతీయ పాఠకులకు మాత్రం కాలినడక మొక్కు ఏమంత వింతగా తోచదు.

ఆ తర్వాత ఐస్నర్ మరో తొమ్మిదేళ్లు జీవించారు. ఫ్రిట్జ్ లాంగ్‌పై ఆమె గ్రంథం 1976లో వెలువడింది. చివరి రోజుల్లో చూపు దాదాపు పోయి, చదవడానికీ సినిమా చూడడానికీ వీలు లేకుండా పోయింది. తన ప్రాణాన్ని నిలిపిన ఆ నడక కట్టును ఇక విప్పమని ఆమె అడిగారని, తాను విప్పానని హెర్జోగ్ పలు సందర్భాల్లో చెప్పారు. 1983 నవంబరు 25న ఆమె కన్నుమూశారు. అప్పటికి ఆమె వయసు 87 ఏళ్లు. మరుసటి ఏడాది ఆమె ఆత్మకథ జర్మన్ భాషలో ప్రచురితమైంది. అదే ఏడాది విడుదలైన 'పారిస్, టెక్సస్' చిత్రాన్ని దర్శకుడు విమ్ వెండర్స్ ఆమెకు అంకితం చేశారు.